నా హస్తవాసి మంచిదట

అబిడ్స్‌లో స్కూటీ పెట్టుకోవడానికి చోటు దొరికిన రోజున నాకంటే నెమ్మదస్తురాలు ఉండదు. దొరకని రోజున మా ల్యాబులో ఎవరూ నా గది వైపు రారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ నా చిన్నప్పుడే తేల్చేసింది. ఆ కోపంతో చాలా తప్పులు చేశాను, చాలావాటికి క్షమాపణలు కూడా చెప్పుకున్నాను. ఒక్కదానికి మాత్రం చెప్పినా తీరలేదు. దానివల్ల ఒక పెద్దమనిషికి తన జబ్బు సంగతి రెండేళ్ళు ఆలస్యంగా తెలిసింది. ఆ రెండేళ్ళూ ఆయన నన్ను పొగుడుతూ తిరిగారు.

నేను పాథాలజిస్టుని. ఈ మాట చెబితే మా చుట్టాల్లో సగం మంది ఇప్పటికీ నన్ను రక్తం తీసే అమ్మాయనే అనుకుంటారు. మా తాతగారు యాభై ఆరులో సెక్రటేరియట్ గుమాస్తాగా గుంటూరు వైపు నుంచి వచ్చి ఖైరతాబాదులో కాపురం పెట్టారు. నా చదువు పూర్తయినప్పుడు మా మామ్మ ఒకటే అడిగింది. "నువ్వు రోగుల్ని చూడవుటే?" చూడను, వాళ్ళ ఒంట్లోంచి తీసిన ముక్కల్ని చూస్తానన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే మరి నిన్ను దీవించేదెవరే?" అంది. అప్పుడు నవ్వుకున్నాను.

మా ల్యాబు గన్‌ఫౌండ్రీ నుంచి అబిడ్స్‌కు వచ్చే దారిలో ఒక సందులో, కళ్ళజోళ్ళ దుకాణం పైన ఉంది. నలుగురు కూర్చుంటే ఐదో మనిషి నిలబడాల్సిన వరండా, రెండు గదులు. ఒకదాంట్లో నేనూ, నా మైక్రోస్కోపూ. రెండోదాంట్లో మా టెక్నీషియను. ఆయన నాకంటే ఐదారేళ్ళు పెద్ద, పుట్టి పెరిగింది నాంపల్లిలోనే. మాట తక్కువ, పని ఎక్కువ. ఇన్నేళ్ళలో ఆయన కోసిన ముక్క చిరిగిందనో, వేసిన రంగు తేలిపోయిందనో నేను అన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఇక మా పని సంగతి. ప్రొస్టేట్ గ్రంథి మగవాళ్ళకు మూత్రాశయం కింద ఉంటుంది. వయసు మళ్ళాక అది పెరిగి ఇబ్బంది పెట్టడం మామూలే. రక్త పరీక్షలో అంకె ఎక్కువొచ్చి, అది వయసు తెచ్చిన పెరుగుదలా, కేన్సరా అని యూరాలజిస్టుకు అనుమానం వస్తే సన్నటి సూదితో పన్నెండు చోట్ల గుచ్చి పన్నెండు ముక్కలు తీస్తారు. ఒక్కొక్కటి సేమ్యా పోగంత ఉంటుంది. అవి ఫార్మాలిన్ సీసాల్లో మా దగ్గరికి వస్తాయి. మా టెక్నీషియను వాటిని మైనంలో పోతపోసి దిమ్మలు చేసి, ఉల్లిపొర కంటే పల్చగా కోసి, గాజు స్లైడు మీదికెత్తి, రంగులు వేసి నా బల్ల మీద పెడతారు. మైక్రోస్కోపులో అంతా గులాబీ, ఊదా రంగుల్లో కనిపిస్తుంది.

మంచి గ్రంథికి లోపల ఒక వరస, బయట ఒక వరస కణాలుంటాయి. బయటి వరస ఇంటికి ప్రహరీ గోడ లాంటిది. కేన్సర్ సోకిన గ్రంథికి ఆ ప్రహరీ ఉండదు. చూడాల్సిందల్లా అదే. చెప్పుకోవడానికి తేలిగ్గా ఉంటుంది గానీ, పన్నెండు పోగుల్లో ఒకే ఒక్క పోగులో, అదీ ఆవగింజలో అరవంతు చోటులో, ఓ పది గ్రంథులు అలా కనిపించీ కనిపించనట్టు ఉంటే అవునని రాయడానికీ కాదని రాయడానికీ చెయ్యి ఆడదు. అవునని తప్పు రాస్తే ఒక మనిషిని అనవసరంగా కోస్తారు. కాదని తప్పు రాస్తే ఏమవుతుందో ముందు చెప్పాను కదా.

అందుకని మాకో అలవాటు. అనుమానం వచ్చిన చోట స్లైడు మీద పెన్నుతో చిన్న చుక్క పెడతాం. నాది ఊదా రంగు పెన్ను. అన్నీ చూశాక మళ్ళీ చుక్కలున్న స్లైడ్ల దగ్గరికి వస్తాం. తీరిగ్గా చూస్తాం. ఇంకా తేలకపోతే దిమ్మను మరింత లోతుకి కోయిస్తాం, ప్రహరీ ఉందో లేదో తేల్చే ప్రత్యేకమైన రంగు కోసం పెద్ద ల్యాబుకి పంపుతాం. చుక్క ఉందంటే పని మిగిలిందని అర్థం. చుక్క లేదంటే ఆ స్లైడు చూశాను, దాంట్లో ఏమీ లేదని అర్థం. నాకు ఈ విద్య నేర్పిన మేడం, చుక్క పెట్టినప్పుడల్లా పక్కన కాగితం మీద కూడా రాసుకోమనేవారు. మొదటి రెండేళ్ళు రాసుకున్నాను. తర్వాత నా అంతటిదాన్ని నేనైపోయాను.

ఓ డిసెంబరులో ఒకరోజు ఏదో పాత కేసు స్లైడ్లు బయటికి తీయాల్సి వచ్చింది. తీసి చూస్తే నా చుక్కలు వాటి మీద అలాగే ఉన్నాయి. ఇంకు చెదిరి పక్కవాటికి అంటుకుని, లేబుళ్ళ మీద అంకెలు కూడా మాసిపోయాయి. ఆ రోజు స్కూటీకి చోటు దొరకలేదని వేరే చెప్పాలా. "లోపల పెట్టే ముందు తుడవాలని మీకెన్నిసార్లు చెప్పాలండీ? ఇది ల్యాబా, చెత్తకుండీయా?" అని మా టెక్నీషియను మీద వరండాలో పేషెంట్ల ముందే కేకలేశాను. 'అండీ' తగిలించినంత మాత్రాన తిట్టు తిట్టు కాకుండా పోదు. వరండాలో వాళ్ళు తలలు వంచుకున్నారు.

ఆయన ముఖంలో ఏమీ కనిపించనివ్వలేదు. "ఔ మేడం. ఇగ నుంచి ఒక్క చుక్క గూడ ఉండనియ్య," అన్నారు.

అన్న మాట నిలబెట్టుకున్నారు. మర్నాటి నుంచి ఆయన దగ్గర ఒక చిన్న గుడ్డ, ఇంకు చెరిపే మందు సీసా తయారుగా ఉండేవి. నేను ట్రే ముందు నుంచి లేస్తే చాలు, చూసేశాననుకుని శుభ్రంగా తుడిచి పెట్టేవారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోటి గొప్పతనం అది.

ఆ పెద్దమనిషి వచ్చింది జనవరిలో. నాంపల్లిలో ఒక నర్సింగ్‌హోంలో బయాప్సీ చేయించుకుని, సీసాలు ఎవరి చేతికీ ఇవ్వకుండా గుడ్డ సంచీలో పెట్టుకుని తానే తెచ్చారు. తెల్లటి లాల్చీ, పైజమా, నుదుటన సన్నటి కుంకుమ బొట్టు. అరవై ఐదు దాటి ఉంటాయి. మెట్లెక్కిన ఆయాసం తీరాక సీసాలు ఒక్కొక్కటే బల్ల మీద వరసగా పెట్టారు.

"ఇవి నాయే అమ్మా. పన్నెండు తావుల గుచ్చిన్రు. నేను గూడ గిదే పని చేసిన, ముప్పై అయిదేండ్లు," అన్నారు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు. ఉస్మాన్‌గంజ్‌లో ఒక పప్పుల టోకు దుకాణంలో ఆయన నమూనా చూసే మనిషట. బస్తాలు దిగగానే సన్నటి ఇనుప గొట్టం గుచ్చి, అందులోకి వచ్చిన గుప్పెడు కందిపప్పు అరచేతిలో పోసుకుని సరుకు మంచిదో, పురుగు పట్టిందో చెప్పడం ఆయన ఉద్యోగం. ఆయన ఊ అంటేనే బస్తా లోపలికి వెళ్ళేదట.

"మీరు మనుషులకు చూస్తరు, నేను బస్తాలకు చూసిన. గంతే ఫరకు," అన్నారు.

"మీ గొట్టం తగలని చోట పురుగుంటే ఏం చేసేవారండీ?" అని అడిగాను. ఆ రోజు స్కూటీకి చోటు దొరికింది కాబట్టి నేను సరదాగానే ఉన్నాను.

"గదే గద కిటుకు. యాడ గుచ్చాల్నో చెయ్యికి ఎర్కయితది. హస్తవాసి అంటం సూడుండ్రి, గది," అని నవ్వారు. వెళ్ళేటప్పుడు సీసాల వైపు ఒకసారి చూసి, "జర మంచిగ చూడమ్మా. ఇంట్ల ఆమె బాగ పరేషాన్ అయితున్నది," అన్నారు. చూస్తానన్నాను.

మూడో రోజు పొద్దున్న ఆయన స్లైడ్లు నా ముందుకొచ్చాయి. ట్రేలో మొదట ఒకావిడ పిత్తాశయం కేసు, ఆ తర్వాత ఈయనవి పన్నెండు. పిత్తాశయంలో ఒక చోట చుక్క పెట్టి ముందుకు వెళ్ళాను. ఈయనవి ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తున్నాను. ఎనిమిది దాకా ఏమీ లేదు. తొమ్మిదో స్లైడులో, పోగు చివర, చిన్న చిన్న గ్రంథులు కొన్ని ఇరుకిరుగ్గా కనిపించాయి. పెద్దది చేసి చూశాను. ప్రహరీ ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. వాటి పక్కన చుక్క పెట్టాను. దీన్ని లోతుకి కోయించాలి అనుకున్నాను. ఆ అనుకున్న మాట నాకు ఇప్పటికీ స్పష్టంగా గుర్తుంది.

సరిగ్గా అప్పుడే కింది నుంచి కళ్ళజోళ్ళ దుకాణం ఆయన కేకేశాడు. "మేడం, బండ్లు ఎత్తుకపోతున్రు."

అవి నుమాయిష్ ఎగ్జిబిషన్ జరిగే రోజులు. నాంపల్లి నుంచి అబిడ్స్ దాకా బండి నిలపడానికి జానెడు జాగా ఉండదు, తప్పు చోట పెట్టిన బండ్లను లారీ ఎక్కించి తీసుకుపోవడం మామూలే. నేను చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా మెట్లు దిగాను. నా స్కూటీ ముందు చక్రం అప్పటికే గాల్లో ఉంది. అరగంట వాదించాను. గీత ఎక్కడుందో చూపించమన్నాను, బోర్డు ఎక్కడుందో చూపించమన్నాను. సందులో ఉన్న దుకాణాలవాళ్ళంతా బయటికొచ్చి చూశారు. చివరికి విసుగెత్తి వాళ్ళే స్కూటీని దింపేసి వెళ్ళారు. యుద్ధం గెలిచినట్టు పైకొచ్చి, టీ తెప్పించుకుని, మా టెక్నీషియనుకు కథంతా అభినయించి మరీ చెప్పాను. ఎప్పుడూ నవ్వని మనిషి ఆ రోజు నవ్వారు.

ఆ తర్వాత ట్రే ముందు కూర్చున్నాను. పది, పదకొండు, పన్నెండు చూశాను. ఏమీ లేదు. చుక్కల కోసం ట్రే అంతా కళ్ళతో ఒకసారి తిరగేశాను. స్లైడ్లు అద్దాల్లా మెరుస్తున్నాయి. ఏదో చుక్క పెట్టినట్టుందే అని ఒక్క క్షణం అనిపించింది. ఆ పిత్తాశయం కేసుదిలే అనుకున్నాను. దాని మీద కూడా చుక్క లేదన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. మళ్ళీ మొదటి నుంచి చూస్తే ఇరవై నిమిషాలు పట్టేది. చూడలేదు. వయసుతో వచ్చిన పెరుగుదల, కేన్సర్ కనిపించలేదు అని రాసి సంతకం పెట్టాను.

రిపోర్టు తీసుకోవడానికి ఆయనే వచ్చారు. కవరు విప్పకుండా నా ముఖం వైపు చూశారు. ఏమీ లేదండీ, నిశ్చింతగా ఉండండి అన్నాను. ఆయన కుర్చీలో అలాగే కూర్చుండిపోయి కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. గంట తర్వాత మళ్ళీ వచ్చారు, చేతిలో బేకరీ పెట్టె. వేడి వేడి దిల్‌పసంద్. నేను, మా టెక్నీషియను, కళ్ళజోళ్ళ దుకాణం ఆయన తలా ఒక ముక్క తిన్నాం. కొబ్బరి, టూటీఫ్రూటీ దండిగా ఉన్నాయి. నేను రెండో ముక్క కూడా తీసుకున్నాను.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చి ఆ రిపోర్టుకు లామినేషన్ చేయించానని చూపించారు. పిల్లల డిగ్రీ సర్టిఫికెట్లతో పాటు బీరువాలో పెట్టుకున్నారట. అక్కడి నుంచి ఆయన నాకు ఊరికే ప్రచారం మొదలుపెట్టారు. నెలకు ఇద్దరో ముగ్గురో ఉస్మాన్‌గంజ్ నుంచి, అఫ్జల్‌గంజ్ నుంచి వచ్చి, "గా పెద్దాయన పంపిండు, మీ హస్తవాసి మంచిదంట గద," అనేవాళ్ళు. మొదట్లో నవ్వేదాన్ని. మైక్రోస్కోపులో చూసే దానికి చేతివాసి ఏమిటి, చేత్తో మందిస్తున్నానా, సూది వేస్తున్నానా? కానీ నిజం చెప్పాలంటే, పొగడ్త చెవిన పడిన రోజు పని హుషారుగా సాగేది. మామ్మ ఉంటే చెప్పేదాన్ని, దీవించేవాళ్ళు దొరికారని.

ఆ వేసవి వెళ్ళాక ఒకసారి ఆ పెద్దమనిషి మెట్ల మీద ఎదురయ్యారు. మాటల్లో ఆయనే చెప్పారు. "నా డాక్టరు ఏమంటడంటే, రక్తంల అంకె తగ్గుతలేదు, మళ్ళ గుచ్చి చూడాలె అంటడు. నేను వద్దన్న. మీరు చూసినంక మళ్ళ ఎందుకమ్మా? మీ తీరు ఆయనకేం ఎర్క?"

నేను అక్కడే ఆయన్ను ఆపి ఉండాల్సింది. పైకి తీసుకొచ్చి, పాత స్లైడ్లు తీసి, ఆయన ముందే మళ్ళీ చూసి ఉండాల్సింది. పాథాలజీలో ఓనమాలు వచ్చినవాళ్ళెవరైనా చేసే పని అది. నేనేం చేశానంటే, "డాక్టరుగారు చెప్పినప్పుడు వినాలండీ," అన్నాను. అన్నాను గానీ నవ్వుతూ అన్నాను. మళ్ళీ చేయించమని ఆయనకు అర్థమయ్యేలా అనలేదు, నా మీద నమ్మకం పెట్టుకున్నందుకు మురిసిపోతూ అన్నాను. ఆయన కూడా నవ్వి, "సూద్దాం తీయుండ్రి," అని వెళ్ళిపోయారు. చుక్క తుడిచింది మా టెక్నీషియను కావచ్చు, ఈ మెట్ల మీద మాట మాత్రం పూర్తిగా నాదే.

రెండేళ్ళ తర్వాత ఆయన సీసాలు మళ్ళీ వచ్చాయి. ఈసారి ఆయన తేలేదు, నర్సింగ్‌హోం మనిషి తెచ్చాడు. నడుం నొప్పితో మొదలైందట. ఇంకెక్కడైనా పెద్ద ల్యాబుకి పంపుదామంటే ఒప్పుకోలేదని, అబిడ్స్ డాక్టరమ్మ దగ్గరికే వెళ్ళాలని పట్టుబట్టారని ఆ మనిషి చెప్పాడు. స్లైడ్లు చూడటానికి పెద్దగా విద్య అక్కర్లేకపోయింది. పన్నెండింటిలో తొమ్మిదింట్లో ఉంది. ప్రహరీల మాట దేవుడెరుగు, గ్రంథుల ఆకారమే మిగల్లేదు.

వెంటనే పాత స్లైడ్లు తీశాను. తొమ్మిదోది మైక్రోస్కోపు కింద పెట్టగానే దొరికింది. పదకొండు గ్రంథులు. ప్రహరీ లేదు. ఈసారి ఉన్నట్టూ లేనట్టూ కూడా అనిపించలేదు. స్లైడు వెలుతురుకు పెట్టి చూస్తే, ఎంత తుడిచినా పోని ఊదా మరక గాజు పలక అంచున సన్నగా కనిపించింది. అది నా పెన్నుదే. లారీ, స్కూటీ, టీ, దిల్‌పసంద్ రెండో ముక్క అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. ఆ పిత్తాశయం స్లైడునూ తీసి చూశాను, అదృష్టం, దాంట్లో ఏమీ లేదు.

మా టెక్నీషియను లోపలికొచ్చి ఆ మరక చూశారు. చాలాసేపు చూశారు. "నేనే తుడిసిన మేడం. మీరు కిందికి వోయినంక," అన్నారు.

నేను ఫోను తీసి యూరాలజిస్టుకు చెప్పడం మొదలుపెట్టాను. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "మా టెక్నీషియను పొరపాటున..." అని. తలెత్తితే ఆయన ఇంకా గుమ్మంలోనే ఉన్నారు. సిగ్గుతో నా ముఖం కాలిపోయింది. కాదండీ, నేను రెండోసారి చూడలేదు, తప్పు నాది అని సరిచేసుకున్నాను. కానీ ఆ మొదటి మాట ఆయన విననే విన్నారు. ఇప్పటికీ ఆయన నన్ను అడగకుండా ఒక్క స్లైడు తుడవరు. రోజూ సాయంత్రం గుమ్మంలో నిలబడి, "తుడవాల్నా మేడం?" అని అడుగుతారు. ఇంకో మనిషి అడిగితే అది మామూలు ప్రశ్న.

యూరాలజిస్టు మంచి మనిషి. అప్పుడే తెలిసినా ఎంత తేడా ఉండేదో ఎవరూ చెప్పలేరన్నారు. అది నిజమే కావచ్చు. ఎముకకు పాకకముందు తెలిసి ఉంటే ఎంతో కొంత చేయగలిగేవాళ్ళమన్నదీ నిజమే. ఆ రెండు నిజాల్లో నాకు కావలసింది ఏరుకునే హక్కు నాకు లేదనిపించింది. పాత రిపోర్టును సవరించి కొత్తదానితో కలిపి ఆయనకు పంపాను. పేషెంటుకు నేనే చెబుతానన్నాను.

పెద్దాయన ఒక మధ్యాహ్నం వచ్చారు. చేతికర్ర వచ్చింది, లాల్చీ వదులైంది. వరండాలో ఎవరో కొత్త మనిషి భయం భయంగా కూర్చుని ఉంటే ఆయనకు ధైర్యం చెబుతున్నారు, "ఫికర్ చెయ్యకు, గీమె చెయ్యి మంచిది," అని. లోపల నేను తేలు కుట్టిన దొంగలా కూర్చుని ఆ మాట విన్నాను.

లోపలికి పిలిచి తలుపు వేశాను. నీళ్ళు నమలకుండా చెప్పాలని పొద్దుటి నుంచి అనుకున్నాను. మొదటిసారి తీసిన ముక్కల్లోనే ఉందండీ, అనుమానం వచ్చి గుర్తు పెట్టాను, ఆ గుర్తు చెరిగిపోయింది, నేను మళ్ళీ చూడకుండా ఏమీ లేదని రాశాను. మీరు మెట్ల మీద చెప్పినప్పుడైనా చూసి ఉండాల్సింది, చూడలేదు. నన్ను క్షమించమని అడిగే ముఖం కూడా లేదు. ఇంతే చెప్పాను.

ఆయన చేతికర్రను బల్లకు ఆనించారు. కింద సందులో హారన్లు వినిపిస్తున్నాయి.

"యాడుండె?" అని అడిగారు.

మైక్రోస్కోపు ఆయన వైపు తిప్పాను. కళ్ళద్దాలు తీసి, ఒక కన్ను మూసి, వంగి చూశారు. బస్తాలో గింజలు చూసి మంచీ చెడూ చెప్పిన కన్ను అది. కాసేపటికి తలెత్తి, "నాకు గులాబి రంగు తప్ప ఏం కనవడ్తలేదు," అన్నారు. తర్వాత నన్ను కాదు, బల్లను చూస్తూ అన్నారు. "మా గంజ్‌ల నమూన తప్పయితే బస్త వాపస్ వస్తుండె."

తిట్టి ఉంటే బాగుండేది. నేను ఎవరెవర్ని ఎంతెంత తిట్టానో, అదంతా ఆ పూట నా మీదికి తిరిగొచ్చినా ఓర్చుకునేదాన్ని. ఆయన సంచీలోంచి ఆ లామినేషన్ కాగితం తీసి నా ముందు పెట్టారు.

"గిది మీ తాననే ఉంచుండ్రి," అన్నారు.

గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. "ఇంట్ల ఆమెకు మాత్రం చెప్పకుండ్రి అమ్మా. గా రిపోర్టు వచ్చిన కాడికెల్లి శనివారం శనివారం దేవుని ముంగట మీకోసం దీపం పెడ్తది. ల్యాబు డాక్టరమ్మ సల్లగుండాలె అంటది. మీ పేరు గూడ ఎర్కలేదు ఆమెకు. ఇప్పుడు గిది చెప్పి ఆమెను ఇంక పరేషాన్ చెయ్యలేను."

చెప్పనని మాటిచ్చాను. ఆయన కోసం ఇచ్చానో, నా కోసం ఇచ్చానో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆయన ఒక్కొక్క మెట్టే దిగి వెళ్ళారు. ఆ రోజు నుంచి ప్రతి స్లైడుకూ కాగితం మీద రాసుకుంటున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, కానీ కాలింది నా చేతులు కాదు.

ఆయన ఇంకో ఏడాదిన్నర బతికారు. పోయిన వానాకాలంలో కళ్ళజోళ్ళ దుకాణం ఆయన చెప్పాడు, పెద్దాయన వెళ్ళిపోయారని. ఇల్లు నాంపల్లిలోనే, ల్యాబు నుంచి నడిచి వెళ్ళే దూరం. పదోరోజు దాకా వెళ్దామనుకుంటూనే ఉన్నాను. వెళ్ళలేదు.

పోయిన నెల ఒకావిడ వచ్చింది. తెల్లటి జుట్టు, ముదురాకుపచ్చ నేత చీర, పక్కన యాభై ఐదేళ్ళ మనిషి. చేతిలో గుడ్డ సంచీ. ఆ సంచీని నేను గుర్తుపట్టాను. ఆవిడ సీసాలు తీసి బల్ల మీద వరసగా పెట్టి, ఇవి ఈయనవని, ఈయన తన తమ్ముడని చెప్పింది. తాను ఎవరో చెప్పేలోపే నాకు తెలిసిపోయింది.

"మా ఆయనకు మీరు మంచిగనే చెప్పిన్రు. బీమారి గా తర్వాత వచ్చింది, మా కర్మ. గది మీ తప్పు గాదు గద," అంది ఆవిడ. "మా తమ్ముడు యాడికో పోదామంటుండె. నేనే తోల్కొచ్చిన. మీ హస్తవాసి నాకెర్క."

నాలుక చివరి దాకా వచ్చింది. ఆయనకిచ్చిన మాట ఒక పక్క, ఎదురుగా మళ్ళీ అదే నమ్మకంతో వచ్చిన మనిషి ఇంకో పక్క. మాట తప్పకుండా ఎంత నిజం చెప్పగలనో అంతా చెప్పాలనుకున్నాను.

"నా చేతిలో ఏమీ లేదమ్మా," అన్నాను. "నా కన్ను కూడా తప్పు చూస్తుంది. ఇదివరకు చూసింది కూడా. నేను చూశాక ఇంకో డాక్టరుగారికి కూడా పంపిస్తాను. ఇద్దరం చెబితేనే నమ్మండి. రేపు మీ డాక్టరు మళ్ళీ పరీక్ష చేయించుకోమంటే తప్పకుండా చేయించుకోండి. నా పేరు చెప్పి మానేయొద్దు."

ఆవిడ నా వైపు చాలా ప్రేమగా చూసింది. తమ్ముడి వైపు తిరిగి, "చూసినవా? పెద్దోళ్ళు గిట్లనే ఉంటరు. జర సుత గర్వం లేదు," అంది. ఆ తర్వాత నా కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకుంది. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. గుమ్మంలో మా టెక్నీషియను నిలబడి చూస్తున్నారు.

ఆ పన్నెండు స్లైడ్లనూ రెండు పూటలు చూశాను. ఒక్కొక్కదానికీ కాగితం మీద ఒక్కొక్క వాక్యం రాశాను. స్లైడ్లూ దిమ్మలూ ఇంకో పాథాలజిస్టుకి పంపాను. అనుమానించాల్సింది ఏమీ లేదని ఇద్దరం తేల్చాం. రిపోర్టు మీద ఆయన సంతకమూ ఉంది, నా సంతకమూ ఉంది. ఆవిడ వచ్చి కవరు తీసుకుని, కాగితం విప్పకుండానే కొంగున కళ్ళు తుడుచుకుంది.

"ఇగ శనివారం రెండు దీపాలు పెడ్త అమ్మా," అంది.

రెండు సంతకాలు ఉన్నాయి కదా, రెండో దీపం ఆ డాక్టరుగారికా అని అడిగాను. కాదట. రెండూ నాకేనట.